అప్‌డేట్: నాన్నకి ప్రోస్టేట్ స్కాన్ అయిపోయింది

పోయిన వారం అడిగాను కదా, మా నాన్న (68 ఏళ్లు) రాత్రిపూట నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నారు, పీఎస్ఏ (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) కాస్త ఎక్కువొచ్చింది, మలద్వారం గుండా చేసే అల్ట్రాసౌండ్ రాశారు, బాగా నొప్పి ఉంటుందా అని. నిన్న చేయించాం. ధైర్యం చెప్పిన అందరికీ చాలా థాంక్స్.

ముందు ఎనిమా ఇచ్చారు. ఎడమ పక్కకి తిరిగి మోకాళ్లు పొట్ట దగ్గరికి ముడుచుకోమని, వేలికంటే కొంచెం లావుండే ప్రోబ్‌కి తొడుగు వేసి జెల్ రాసి మెల్లగా పెట్టారు, పావుగంట కూడా పట్టలేదు. "నొప్పి కాదురా, లోపల గట్టిగా ఒత్తినట్టుంది, విరేచనం వచ్చేలా అనిపించింది" అన్నారు నాన్న. అంతసేపూ నా చేయి మాత్రం వదల్లేదు. ఇందులో రేడియేషన్ ఉండదు, ఆ భయం అక్కర్లేదు.

ప్రోస్టేట్ గ్రంథి సైజు 52 సీసీ ఉందట, మామూలుగా 20-25 ఉంటుంది. గ్రంథి పెరిగినా పీఎస్ఏ పెరుగుతుందని, క్యాన్సర్ అవునో కాదో ఈ స్కాన్ ఒక్కటే తేల్చదని డాక్టరు చెప్పారు. ఎంఆర్ఐ చూశాక అవసరమైతేనే బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం).

నాన్న రక్తం పలచబడే మాత్ర వేసుకుంటారు, ఆ సంగతి నేను చెప్పేదాకా ఎవరూ అడగలేదు. మీరు తప్పకుండా ముందే చెప్పండి, సొంతంగా మాత్రం ఆపేయకండి. బయాప్సీ అయితే కొన్ని రోజులు మూత్రంలో కొద్దిగా రక్తం కనిపించొచ్చు, వీర్యంలో కొన్ని వారాలు కూడా ఉండొచ్చు, కానీ చలిజ్వరం వచ్చినా మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లమన్నారు.

ఎంఆర్ఐ సోమవారం.