ఫీనిక్స్ (అరిజోనా) ఎండలో కాంక్రీట్ డ్రైవ్‌వే పగలకుండా నిలవాలంటే ఏం చేయించారు?

క్వీన్‌క్రీక్_నివాసి
అందరికీ నమస్కారం. బిల్డర్ మాకు ఇల్లు అప్పగించి ఏడేళ్ళయింది. డ్రైవ్‌వే అడ్డంగా చీలి, ఒక పలక అర అంగుళం కిందికి దిగింది. పిల్లలు స్కూటర్ల మీద వచ్చి అక్కడే తట్టుకుని పడుతున్నారు. మొత్తం పగలగొట్టించి కొత్తగా పోయిద్దామని ఉంది, పనిలో పనిగా మూడో కారుకి కాస్త వెడల్పు కూడా చేయిద్దామని. ఎన్ని అంగుళాల మందం ఉండాలి? లోపల ఇనుప కడ్డీలు వేయించాలా, ఇనుప వల (మెష్) పరిపించాలా, సన్నటి పోగులు (ఫైబర్) కలిపించాలా? కాంట్రాక్టర్ జూన్ రెండో వారంలో ఖాళీ అంటున్నాడు, అప్పుడు పోయించవచ్చా? రంగు కలిపించుకున్నవాళ్ళున్నారా? హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) అనుమతికి మీకెంత కాలం పట్టింది?

గిల్బర్ట్_గోదారి
జూన్ మాట ఎత్తకండి. మాకు తెల్లవారకముందే వస్తామన్నారు, ట్రక్కు తొమ్మిదిన్నర దాటాక వచ్చింది. అప్పటికే ఎండ మండిపోతోంది, దానికి తోడు పొడి గాలి. ఇంకా చెక్కతో సాపు చేస్తూ ఉండగానే పైన బెత్తెడు బెత్తెడు గీతలు లేచాయి, అన్నీ ఒకే వైపుకి. వాటిని కప్పడానికి బకెట్లో బ్రష్ ముంచి నీళ్ళు చిలకరించి మళ్ళీ రుద్దారు. వద్దని అరిచినా వినలేదు. ఇప్పుడు ఆ పైపొర గోరుతో గీరితే పొడి రాలుతోంది. పగులు అడ్డదిడ్డంగా పోకుండా ముందే గాట్లు పెట్టే కోత మిషన్ మర్నాడు పొద్దున తెచ్చారు. అప్పటికే అది తన ఇష్టం వచ్చిన చోట పగిలి కూర్చుంది. అడిగితే "కాంక్రీట్ అన్నాక పగులుతుంది" అని సమాధానం. ఇప్పటికీ కారు దిగినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

జగిత్యాల_జుబైల్
ఎండలో పోయకూడదంటే గల్ఫ్‌లో ఒక్క బిల్డింగ్ కూడా లేచేది కాదు తమ్ముడూ. సౌదీ, కువైట్‌లలో రెడీమిక్స్ ప్లాంట్లలో నా సగం జీవితం గడిచింది. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలైలో 53.9 డిగ్రీల సెల్సియస్ రికార్డయింది. అదే దేశంలో అదే నెలలో మేము కాంక్రీట్ పోశాం. ఎట్లా? నీళ్ళకు బదులు చాలా వరకు ఐస్ ముక్కలు వేస్తాం. కంకర కుప్పలకు నీడ కట్టి నీళ్ళు చల్లుతాం. రాత్రి పోస్తాం. సైటులో ట్రక్కు దిగంగానే థర్మామీటర్ పెడతాం. మా ప్రాజెక్టుల్లో 32 డిగ్రీలు దాటిన ట్రక్కును వెనక్కి పంపించేవాళ్ళు. పోసినంక తడి గోనెపట్టాలు కప్పి ఏడు రోజులు ఆరనియ్యకుండా నీళ్ళు పెట్టాలె. ఇది చేస్తే మే అయినా జూన్ అయినా ఏం కాదు.

స్ట్రక్చరల్_రావు
అరిజోనాలో పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్స్ ఉన్నవాణ్ణి, ఇళ్ళ పునాదులు, పార్కింగ్ లాట్లు డిజైన్ చేయడమే నా పని. ఏడు రోజులు గోనెపట్టాలు తడపడం ఇక్కడ ఎవరూ చెయ్యరు, చెయ్యనవసరం కూడా లేదు. తెల్ల రంగు క్యూరింగ్ కాంపౌండ్ (కాంక్రీట్ తేమ ఆరిపోకుండా పైన కొట్టే ద్రవం) ఉంటుంది, ఏఎస్‌టీఎం సీ309 అనే అమెరికా ప్రమాణం ప్రకారం తయారైంది. సాపు చేయడం పూర్తయి పైన మెరుపు పోయిన వెంటనే గాలన్‌కి 200 చదరపు అడుగుల లెక్కన స్ప్రే చేస్తే చాలు. లోపలి తేమ లోపలే ఉంటుంది, తెలుపు కాబట్టి ఎండని కూడా తిప్పికొడుతుంది. గల్ఫ్‌లో కూలీ చవక కాబట్టి మనిషిని పెట్టి తడిపిస్తారు.

జగిత్యాల_జుబైల్
కూలీ చవక అన్న మాట వెనక్కి తీసుకోండి రావు గారూ. ఆ కూలీలు మా ఊరోళ్ళే. తడిపింది చవక అని కాదు, స్పెసిఫికేషన్‌లో రాసి ఉంది కాబట్టి. మన దేశపు కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456 కూడా పొడి ఎండల ప్రాంతంలో పది రోజులకు తక్కువ కాకుండా క్యూరింగ్ చెయ్యమంటుంది. కాంపౌండ్ కొట్టేవాళ్ళను నేను చూసిన, డబ్బా మిగలాలని గాలన్‌ను మూడింతల దూరం సాగదీస్తారు. నెల తిరిగేసరికి సగం తెల్లగా, సగం బూడిద రంగులో కనబడుతుంది. బూడిద రంగున్న చోట ఏం క్యూరింగ్ అయినట్టు?

స్ట్రక్చరల్_రావు
పని చెడగొట్టేవాళ్ళని చూసి పద్ధతే తప్పంటే ఎలా? సరిగా కొట్టకపోతే రెండో కోటు అడ్డంగా కొట్టించండి. మీ పద్ధతిలో ప్రమాదం చెప్తాను వినండి. మధ్యాహ్నం మూడింటికి పలక పైభాగం 140 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఉంటుంది. దాని మీద చల్లటి నీళ్ళు పోస్తే పైపొర ఒక్కసారిగా ముడుచుకుని పగులుతుంది. పలక కంటే నీళ్ళు 20 డిగ్రీలకు మించి చల్లగా ఉండకూడదని అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ఏసీఐ 308 చెప్తోంది. ఆ తేడా చూసుకుంటూ తడపడం ఇంటివాళ్ళ వల్ల అవుతుందా?

చాండ్లర్_సుజాత
ఇక్కడ జూన్‌లో పైపు తిప్పితే మొదటి రెండు నిమిషాలు చేతులు కాలే నీళ్ళు వస్తాయి. చల్లటి నీళ్ళు ఎక్కడివి?

జగిత్యాల_జుబైల్
అక్క మంచి మాట చెప్పింది. అసలు ఆరనిస్తేనే కదా పలక వేడెక్కేది! రాత్రి పోసి, గట్టిపడంగానే పట్టా కప్పి, దాని మీద ప్లాస్టిక్ కప్పితే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తడిపితే సరిపోతుంది. ఎండిన పలక మీద నడి మధ్యాహ్నం నీళ్ళు గుమ్మరించమని ఎవరూ చెప్పలేదు.

స్ట్రక్చరల్_రావు
జుబైల్ సముద్రం ఒడ్డున ఉంది, అక్కడ గాలిలో తేమ ఉంటుంది. ఇక్కడ మే, జూన్ మధ్యాహ్నాల్లో తేమ చాలాసార్లు పది శాతానికి కూడా రాదు. చదరపు మీటరుకి గంటకి కిలో నీరు ఆవిరైతే పచ్చి కాంక్రీట్ పైన గీతలు పడతాయని లెక్క. ఇక్కడ గాలి వీచిన రోజున అది తేలిగ్గా దాటుతుంది. గట్టిపడ్డాక కప్పే గోనెపట్టా ఆ మొదటి మూడు గంటల్లో ఏం కాపాడుతుంది? గోదారి గారికి పగిలింది ఆ మూడు గంటల్లోనే. అది చూడకుండా ఏడు రోజులు, పది రోజులు అని పాఠం చెప్తున్నారు.

గిల్బర్ట్_గోదారి
మరి ఆ మూడు గంటలకి ఏం చెయ్యాలో చెప్పండి రావు గారూ. మీ ఇద్దరూ కొట్టుకుంటున్నారు గానీ మాకు కావలసింది అదే.

స్ట్రక్చరల్_రావు
పోసే ముందు కింద నేలని తడపాలి, మడుగు కట్టకుండా. పొడి నేల కాంక్రీట్‌లో నీళ్ళు లాగేస్తుంది. బద్ద లాగిన వెంటనే ఎవాపరేషన్ రిటార్డర్ అని పల్చటి ద్రవం స్ప్రే చెయ్యాలి. పైన పొరలా పరుచుకుని ఆవిరిని అడ్డుకుంటుంది. సాపు చేసే ప్రతి దశ మధ్యలో మళ్ళీ కొట్టవచ్చు. బ్రష్‌తో నీళ్ళు చల్లడానికీ దీనికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా.

జగిత్యాల_జుబైల్
ఇది ఒప్పుకుంటా. గాలికి అడ్డం తెర కట్టించడం కూడా రాయండి.

చాండ్లర్_పేవర్స్
ఈ గొడవంతా ఎందుకు, పేవర్లు (ఇసుక మీద పేర్చే బిళ్ళలు) వేయించుకోండి. మాది వేయించినప్పటి నుంచి ఒక్క బిళ్ళ పగలలేదు. ఒకచోట దిగితే నాలుగు బిళ్ళలు లేపి ఇసుక సర్ది మళ్ళీ పెట్టుకోవచ్చు.

చాండ్లర్_సుజాత
మాకూ పేవర్లే. సందుల్లో చీమల పుట్టలు, వాన పడ్డాక కలుపు. టైర్లు తిరిగే చోట రెండు గుంతలు. కింద దిమ్మిస సరిగ్గా కొట్టకపోతే పేవరైనా కాంక్రీటైనా ఒకటే.

వేగాస్_రవి
మా వేగాస్ మట్టిలో సల్ఫేట్ చాలా ఎక్కువ. మామూలు సిమెంట్‌తో పోస్తే అంచుల నుంచి తెల్లగా ఉప్పు ఎక్కి, మెత్తబడి రాలిపోతుంది. మా వీధిలో తక్కువ రేటుకి ఒప్పుకున్న ఇంటి డ్రైవ్‌వే అంచు చెప్పుతో తన్నితే ముక్కలొస్తోంది. ఇక్కడ సల్ఫేట్‌ని తట్టుకునే టైప్ ఫైవ్ సిమెంట్, నీళ్ళు తక్కువ కలిపిన మిక్స్ వాడాలి. ఫీనిక్స్ వైపు అన్ని చోట్లా ఇంత ఉండదు గానీ, ఒకసారి మట్టి పరీక్ష చేయించుకుంటే పోయేదేం లేదు.

ఫ్లాగ్‌స్టాఫ్_శ్రీను
రెండు గంటల దూరంలో మా బాధ పూర్తిగా వేరు. ఏడు వేల అడుగుల ఎత్తు, చలికాలమంతా రాత్రి గడ్డకట్టడం, పగలు కరగడం. గాలి బుడగలు కలిపిన మిక్స్ లేకపోతే రెండు చలికాలాల్లో పైపొర ఊడుతుంది. మీకు అది అక్కర్లేదు, ఎవరైనా అమ్మజూపితే వద్దనండి.

అనంతపురం_అబ్బాయి
అన్నలూ, నేను అరిజోనాలో లేను. అనంతపురంలో మా నాన్న ఇంటి ముందు కారు పెట్టడానికి బెడ్ పోయిస్తున్నారు. మేస్త్రీ బాగా జారుగా కలిపితేనే సాపుగా వస్తుందంటున్నాడు. బస్తాకి ఎన్ని నీళ్ళు?

జగిత్యాల_జుబైల్
తమ్ముడూ, ఎం20 రకం కాంక్రీట్ అంటే సిమెంట్ ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్ళు. 50 కిలోల బస్తాకి 30 లీటర్లు దాటనియ్యకు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించు. జారుగా ఉంటే మేస్త్రీకి చెయ్యి నొప్పి ఉండదు, మీ నాన్నకు మాత్రం మూడేళ్ళకే బీటలు. నువ్వు ఊళ్ళో లేకపోతే బకెట్ కొలత పెట్టించు. మళ్ళు కట్టి నీళ్ళు నిలపమను, రావు గారి స్ప్రే అక్కడ దొరకకపోయినా ఫరవాలేదు.

స్ట్రక్చరల్_రావు
ఇందులో నాకు అభ్యంతరం లేదు. ఇక్కడ కూడా అంతే. ట్రక్కు డ్రైవర్‌ని "కొంచెం పల్చన చెయ్యి" అనగానే పైపు తిప్పుతాడు. ఘనగజానికి ఒక గాలన్ నీళ్ళు ఎక్కువైతే బలం సుమారు 200 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) తగ్గుతుంది, ముడుచుకోవడం పెరుగుతుంది. జారు కావాలంటే నీళ్ళు కాకుండా ప్లాస్టిసైజర్ అనే మందు కలపమని అడగండి. ఎన్నింటికి కలిపారో టికెట్ మీద ఉంటుంది, గంటన్నర దాటితే దింపనివ్వకండి.

క్వీన్‌క్రీక్_నివాసి
చాలా థ్యాంక్స్. కానీ మందం, కడ్డీల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. రెండో కాంట్రాక్టర్ ఫైబర్ వేస్తే కడ్డీలు అనవసరం అంటున్నాడు.

మేసా_పద్మజ
మందం తర్వాత చూడొచ్చు బాబూ, ముందు ఆ పలక ఎందుకు దిగిందో చూశారా? కాలిబాట దగ్గర నీళ్ళ మీటర్ పెట్టె ఎక్కడుంది? అక్కడి నుంచి ఇంట్లోకి పైపు పోయే గీత మీద పగులు ఉందా? మా ఇంటికి అదే జరిగింది. బిల్డర్ కందకం తవ్వి పైపు వేసి, మట్టిని ఒక్కసారే తోసేసి పైన పోసేశాడు. పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టలేదు. వానాకాలం నీళ్ళు దిగాక ఆ మట్టి కుంగింది, పైన పలక వంతెనలా నిలిచి నడుమ విరిగింది. పగలగొట్టించినప్పుడు కింద చెయ్యి పట్టేంత ఖాళీ కనబడింది. దాని మీద ఆరంగుళాలు పోసినా మళ్ళీ విరుగుతుంది. కందకం అక్కడిదాకా తవ్వించి, ఆరేసి అంగుళాల పొరలుగా మిషన్‌తో కొట్టించండి. పక్కన చెట్లకి డ్రిప్ పైపు ఉంటే డ్రైవ్‌వే అంచుకి దూరంగా జరిపించండి.

ఇంకో మాట. వెయ్యి డాలర్లు దాటిన పనికి కాంట్రాక్టర్‌కి లైసెన్స్ ఉండాలి. రిజిస్ట్రార్ ఆఫ్ కాంట్రాక్టర్స్ వెబ్‌సైట్‌లో నంబర్ కొట్టి చూడండి. లైసెన్స్ ఉంటే పని అయిన రెండేళ్ళ లోపు ఫిర్యాదు చెయ్యవచ్చు. గోదారి గారూ, మీకింకా గడువు ఉందేమో చూసుకోండి.

గిల్బర్ట్_గోదారి
గడువు ఉందండీ! ఫొటోలన్నీ ఉన్నాయి. ఈ వారమే ఫైల్ చేస్తాను. చాలా సాయం చేశారు.

క్వీన్‌క్రీక్_నివాసి
పద్మజ గారూ, ఇప్పుడే బయటికి వెళ్ళి చూశాను. మీటర్ పెట్టె నుంచి సూటిగా ఆ పగులు మీదుగానే పోతోంది. ఇద్దరు కాంట్రాక్టర్లు వచ్చి చూశారు, ఒక్కరూ ఈ మాట చెప్పలేదు.

స్ట్రక్చరల్_రావు
పద్మజ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇక మందం: కార్లకి నాలుగు అంగుళాలు చాలు, ట్రైలరో ఆర్‌వీనో (ఇల్లులాంటి పెద్ద బండి) ఎక్కుతుందంటే ఐదారు. 4000 పీఎస్‌ఐ అడగండి. కడ్డీలు పగలకుండా ఆపవు, పగిలాక రెండు ముక్కల్నీ దగ్గరగా పట్టి ఉంచుతాయి, ఎత్తుపల్లాలు రానివ్వవు. పచ్చిగా ఉన్నప్పుడు పడే గీతల్ని ఫైబర్ తగ్గిస్తుంది. రెండిటి పనీ వేరు. మీకు కందకం ఉంది కాబట్టి కడ్డీలు వేయించండి. కోతలు నాలుగు అంగుళాల పలకకి ఎనిమిది నుంచి పది అడుగులకొకటి, అంగుళం లోతు, పలకలు వీలైనంత చదరంగా. ఆ కోత అదే రోజు పడాలి.

జగిత్యాల_జుబైల్
కడ్డీలు వేస్తే కింద వాటిని నేలకి తగలకుండా ఎత్తి పట్టే కవర్ బిళ్ళలు పెట్టారో లేదో మీరే వంగి చూడండి. నేల మీద పరిచి, పోసేటప్పుడు కొక్కెంతో లేపుతామంటారు. ఎవరూ లేపరు. లేపినా మళ్ళీ తొక్కుతారు. కడ్డీ మట్టికి అంటుకుని ఉంటే ఉన్నా లేనట్టే.

చాండ్లర్_పేవర్స్
హెచ్‌ఓఏ గురించి: మాకు ఆరు వారాలు పట్టింది. వెడల్పు చేసే భాగం కొలతలతో గీసి ఇవ్వాలి. సిటీ పర్మిట్ సంగతి వేరే కనుక్కోవాలి. ముదురు రంగు మాత్రం వద్దు, జూలైలో పిల్లలు చెప్పులు లేకుండా అడుగు పెడితే కాళ్ళు బొబ్బలెక్కుతాయి.

క్వీన్‌క్రీక్_నివాసి
జూన్ స్లాట్ వదిలేశాను. ఈలోపు హెచ్‌ఓఏకి కాగితాలు పెట్టి, అక్టోబర్ ఆఖరుకి అడుగుతున్నాను. కందకం తవ్వి కొట్టడం, బిళ్ళల మీద కడ్డీలు, అదే రోజు కోత, ఈ మూడూ కాగితం మీద రాసి సంతకం పెట్టమంటే మొదటి కాంట్రాక్టర్ తప్పుకున్నాడు. రెండోవాడు ఒప్పుకున్నాడు, చదరపు అడుగుకి ఇంకో రెండు డాలర్లు ఎక్కువ. క్యూరింగ్ ఏది చేయించాలో మాత్రం మీ ఇద్దరూ తేల్చండి.

స్ట్రక్చరల్_రావు
మీ చేత్తో మీరే రెండు పూటలా తడపగలిగితే జుబైల్ అన్న చెప్పినట్టు చెయ్యండి. ఆఫీసుకి పోయేవాళ్ళయితే కాంపౌండ్. తర్వాత రంగో సీలరో వేసే ఆలోచన ఉంటే ముందే చెప్పండి, కొన్ని కాంపౌండ్ల మీద అవి అంటుకోవు.

జగిత్యాల_జుబైల్
తడిపేటట్టయితే గోనెపట్టాలు ముందు రాత్రే నానబెట్టుకో తమ్ముడూ, పొడి పట్టా కప్పితే అదే నీళ్ళు లాగుతుంది. గరాజ్ ఫ్లోర్‌కీ కొత్త పలకకీ మధ్య ఫోమ్ పట్టీ పెట్టమని కూడా ఆ కాగితంలో రాయించు.