అప్‌డేట్: ఏపీసీ (జర్నల్ అడిగే ప్రచురణ రుసుము) కట్టకుండానే పరిశోధన పేపర్ ఓపెన్ యాక్సెస్‌లోకి (అందరూ ఉచితంగా చదివేలా)

గుంటూరు నుంచి అడిగిన ప్రశ్న ఇది: హైబ్రిడ్ జర్నల్‌లో (చందా జర్నలే, ఏపీసీ కడితే ఆ పేపర్‌ను అందరికీ తెరుస్తుంది) పేపర్ యాక్సెప్ట్ అయింది, ఏపీసీ కట్టడానికి నిధుల్లేవు, ఎలా? మీరు చెప్పిన గ్రీన్ దారే, అంటే పేపర్ మన కాపీని ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టడమే, కుదిరింది. చాలా థ్యాంక్సండీ.

కాపీ పెట్టడంపై జర్నల్ నియమాలు షెర్పా రోమియో అనే సైటులో దొరికాయి. ఇప్పుడు దాని పేరు ఓపెన్ పాలసీ ఫైండర్. పెట్టాల్సింది రివ్యూ మార్పులన్నీ చేరిన, టైప్‌సెట్ కాకముందరి ఫైలు. జర్నల్ సైటులోని పీడీఎఫ్ పెట్టకూడదు, హక్కులు ప్రచురణకర్తవి.

నేను కాపీ పెట్టిన ఉచిత భాండాగారం జెనోడోలో రెండు చోట్ల జాగ్రత్త. ఎంబార్గో (కాపీని బయటపెట్టకుండా ఆగాల్సిన గడువు) 12 నెలలను యాక్సెప్ట్ అయిన రోజు నుంచి కాక, ప్రచురణ తేదీ నుంచి లెక్కించాలి. లైసెన్సు గడిలో ముందే సీసీ బై 4.0 (పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్సు) ఉంటుంది, జర్నల్ ఒప్పుకోకపోతే తప్పక మార్చాలి. జర్నల్ డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) కూడా జత చేయండి, లేకుంటే సైటేషన్లు చీలిపోతాయి.