సిట్ అప్స్ మానేసి ప్లాంక్ పట్టాలా? పొట్ట, నడుము కండరాలపై మీ అనుభవాలు చెప్పండి

కావలి_1600:
అందరికీ నమస్కారం. నా వయసు 21. కానిస్టేబుల్ ఎంపికల కోసం రోజూ తెల్లవారుజామున 5 గంటలకు మైదానానికి వెళ్లి, మిత్రుడు పాదాలు నొక్కి పట్టుకోగా 100 సిట్ అప్స్ తీస్తున్నాను. అయినా 1600 మీటర్ల పరుగులో చివరి రౌండుకు నడుము నిలబడటం లేదు. ఏ వ్యాయామం ఏ కండరానికి పని చెబుతుంది, వారానికి ఎన్ని రోజులు చేయాలి, నడుముకు బెల్టు కట్టుకోవచ్చా అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరు.

పెన్నా_గట్టు:
తమ్ముడూ, ముందుగా ఆ సిట్ అప్స్ ఆపు. నెల్లూరులో నేను చేరిన జిమ్ములో రోజుకు 200 తీయించారు. ఆరు నెలల్లో పొట్ట మీద గీతలు కనిపించిన మాట నిజమే గాని, చెప్పులు తొడుక్కోవడానికి వంగితే నడుము పట్టేసేది. ఆ తర్వాత యోగా గురువుగారు బొడ్డును వెన్ను వైపు లోపలికి లాగి పట్టడం నేర్పారు. నాకు నయమైంది దానితోనే. ఏ వ్యాయామం చేసినా బొడ్డు లోపలికి లాగి చెయ్యి.

ఒంగోలు_ఫిజియో:
పద్నాలుగేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను కనుక చెబుతున్నాను. సిట్ అప్‌లో భుజాల ఎముకలు నేలను వదిలే దాకానే పొట్ట ముందు కండరం ప్రధానంగా పనిచేస్తుంది. అక్కడి నుంచి పూర్తిగా లేచి కూర్చునే భాగమంతా తొడను తుంటి దగ్గర వంచే కండరాలది. పాదాలు ఎవరైనా పట్టుకుంటే వాటి వాటా ఇంకా పెరుగుతుంది. వాటిలో సోయాస్ నడుము పూసల నుంచే మొదలవుతుంది కాబట్టి ఆ లాగుడు పూసల మీద పడుతుంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక పరిశోధకుడు స్టువర్ట్ మెక్‌గిల్ ఒక్కో సిట్ అప్‌కు వెన్ను మీద పడే ఒత్తిడిని సుమారు 3,300 న్యూటన్లుగా (దాదాపు 335 కిలోల బరువంత) లెక్కకట్టారు. పైగా నిద్ర లేచిన తొలి గంటలో వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు నీరు పీల్చి ఉబ్బి ఉంటాయి. ఆ వేళలో నడుము పదే పదే వంచడం మంచిది కాదు.

ఇక పెన్నా_గట్టు గారి సలహాతో నేను ఏకీభవించను. బొడ్డు లోపలికి లాగితే పొట్ట గోడ వెన్నుకు దగ్గరై, నడుముకు దక్కే ఆసరా తగ్గుతుంది. దెబ్బ కాచుకునేటప్పుడు చుట్టూ బిగించినట్లు పొట్టను బిగించాలి.

పెన్నా_గట్టు:
పద్నాలుగేళ్ల అనుభవం ఉండవచ్చు గాని నా నడుము సంగతి నాకు తెలుసు. పొట్ట కండరాల్లో లోపలి పొర అయిన ట్రాన్స్‌వర్సస్ కండరం మిగతావాటికంటే ముందే మేలుకొంటుందని 1996లో పరిశోధకులు హాడ్జెస్, రిచర్డ్‌సన్ చూపలేదా?

ఒంగోలు_ఫిజియో:
చూపారు. ఆరోగ్యవంతులు చేయి ఎత్తబోయే ముందే అది బిగుస్తుందని, నడుము నొప్పి ఉన్నవారిలో ఆలస్యమవుతుందని చూపారు. అయితే దాన్నొక్కదాన్నే వేరు చేసి లాగి పట్టుకుని బరువులు ఎత్తమని అందులో ఎక్కడా లేదు. బొడ్డు లాగడం, చుట్టూ బిగించడం రెండింటినీ పోల్చి, బిగించినప్పుడే వెన్నుకు స్థిరత్వం ఎక్కువని గ్రెనియర్, మెక్‌గిల్ 2007లో ప్రచురించారు. మీ నొప్పి తగ్గింది సిట్ అప్స్ మానినందుకు కూడా కావచ్చు.

పెన్నా_గట్టు:
కావచ్చు. కానీ ఎదుటివాడి అనుభవాన్ని తీసిపారేయడం సరికాదు.

కందుకూరు_కబడ్డీ:
అన్నలూ, పక్క కండరాల మాట ఎవరూ ఎత్తలేదు. నేను రైడర్‌ని. కాలు పట్టుకున్నప్పుడు ఒంటిని పక్కకు మెలితిప్పి గీత అందుకోవాలంటే ముందు కండరం ఒక్కటే చాలదు. మోచేతులు, కాలివేళ్ల మీద బోర్లా ఒంటిని తిన్నగా నిలిపే మామూలు ప్లాంక్ పొట్ట ముందు భాగానికి, పక్కలకు బాగానే పని చెబుతుంది గాని వీపు కండరాలకు చెప్పేది తక్కువ. మోచేతి మీద పక్కకు నిలబెట్టే సైడ్ ప్లాంక్‌లో నేల వైపు ఉన్న పక్క కండరాలు, నడుము పక్కన లోతుగా ఉండే క్వాడ్రేటస్ లంబోరమ్ గట్టిగా పనిచేస్తాయి. మొదట్లో ఎడమ వైపు 15 సెకన్లకే కూలిపోయేదాన్ని, కుడి వైపు 40 సెకన్లు నిలిచేదాన్ని. ఆ తేడా పోయాకే నా రైడ్లు బాగుపడ్డాయి.

మిల్లు_మేస్త్రి:
మా మిల్లులో బస్తాలు మోసే కుర్రవాళ్లు ఏ ప్లాంకూ పట్టరు. వాళ్ల వీపుల్లో వెన్నుకు రెండు వైపులా తాళ్లలా కండ కనిపిస్తుంది. బరువు ఎత్తకుండా వీపు గట్టిపడదు.

ఒంగోలు_ఫిజియో:
మేస్త్రి గారు చెప్పిన దానిలో నిజం ఉంది. నిటారుగా నిలబెట్టే వీపు కండరాలు బరువుతో గుంజీలు తీసే స్క్వాట్, నేల మీది బరువును ఎత్తే డెడ్‌లిఫ్ట్‌లలో పనిచేసినంతగా నేల మీది వ్యాయామాల్లో పనిచేయవు. పరుగు కుర్రాడికి మాత్రం తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టమంటాను. చేతులు, మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చేయి, కాలు చాచే బర్డ్ డాగ్‌లో వీపు, పిరుదు కండరాలు కలిసి పనిచేస్తాయి. ఒక్కోసారి పది సెకన్లకు మించి పట్టకుండా, ఎక్కువసార్లు చేయాలి. చివరి రౌండులో కావలసింది ఓపిక. మూడు నిమిషాల ప్లాంక్ కోసం వణుకుతూ నడుము జార్చుకోవడం దండగ.

కావలి_1600:
అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలుగా సిట్ అప్స్ మానేసి, సాయంత్రం పూట సైడ్ ప్లాంక్, బర్డ్ డాగ్ చేస్తున్నాను. ఉదయం పరుగు మాత్రమే. నిన్న చివరి రౌండులో నడుము నిలిచింది గాని పిక్కలు పట్టేశాయి. బెల్టు గురించి ఎవరూ చెప్పలేదు.

మిల్లు_మేస్త్రి:
పరుగుకు బెల్టు ఎందుకు బాబూ? మా వాళ్లు బస్తా ఎత్తేటప్పుడు తువ్వాలు బిగిస్తారు, దించగానే విప్పేస్తారు.