బయటి డిస్క్‌లో లినక్స్ పెడితే లోపలి విండోస్ నిజంగా భద్రమేనా?

నల్లగొండ విద్యార్థి:

అందరికీ నమస్కారం. నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ ఉంది కాబట్టి ఉబుంటు (ఒక రకం లినక్స్) కావాలి. ఇంటి మొత్తానికి ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్: 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11. పగలంతా అది నాన్న డీటీపీ షాపులో ఉంటుంది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు అన్నీ అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో దాని మీదే తయారవుతాయి. నా చేతికి వచ్చేది రాత్రి పూట మాత్రమే. సి డ్రైవ్‌లో 60 జీబీ వరకు ఖాళీ ఉంది. ఇది కాక, ఫొటోలు దాచుకునే 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒకటి ఇంట్లో ఉంది.

మా క్లాసులో దీని మీద రెండు వాదనలు నడుస్తున్నాయి. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉబుంటు పెట్టుకుంటే, కేబుల్ తీసిన మరుక్షణం విండోస్ ఎప్పటిలాగే ఉంటుందని కొందరు అంటున్నారు. అది అనవసరపు తలనొప్పి, లోపలి డిస్క్‌లోనే ఒక భాగం (పార్టిషన్) విడదీసుకోవడం మేలని మిగతావాళ్లు అంటున్నారు. నా షరతు ఒక్కటే: నాన్న పని ఒక్క పూట కూడా ఆగకూడదు. దీనికి ఏ దారి సరైనదో తెలిసినవారు చెప్పగలరు.

సూర్యాపేట రిపేర్:

తమ్ముడూ, కేబుల్ తీసేస్తే విండోస్ ఎప్పటిలాగే ఉంటుందన్న మాటలో సగమే నిజం. మిగతా సగం నా బల్ల మీదికి వస్తూనే ఉంటుంది. ఉబుంటు ఇన్‌స్టాలర్‌లో ఏళ్ల తరబడి ఒక లోపం ఉంది. బూట్‌లోడర్‌ను, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెరిచే చిన్న ప్రోగ్రామును, ఎక్కడ పెట్టాలని అడిగినచోట మనం ఎక్స్‌టర్నల్ డిస్క్‌నే ఎంచుకున్నా, యూఈఎఫ్‌ఐ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, మదర్‌బోర్డ్‌లోని కొత్త తరహా ఫర్మ్‌వేర్) ఉన్న కంప్యూటర్లలో అది లోపలి డిస్క్‌లోని ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోకి, అంటే విండోస్ తన బూట్ ఫైళ్లు పెట్టుకున్న చోటికే వెళ్లి కూర్చునేది. అంతటితో ఆగక బూట్ వరుసలో తన పేరును అన్నిటికంటే ముందు రాసుకునేది. ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి ఉన్నంతకాలం ఎవరికీ ఏమీ తెలియదు. ఒకరోజు దాన్ని ఇంట్లో వదిలి ల్యాప్‌టాప్‌ను షాపుకు తీసుకువెళ్తే, లోపల చేరిన గ్రబ్ (ఉబుంటు బూట్‌లోడర్ పేరు ఇదే) తన మిగతా ఫైళ్ల కోసం ఆ లేని డిస్క్‌ను వెతికి, దొరకక, నల్లటి తెర మీద ‘గ్రబ్’ అన్న ఒక్క మాటను, దాని పక్కన కర్సర్‌ను చూపించి ఆగిపోతుంది. విండోస్ ఎక్కడికీ పోలేదు. బూట్ మెనూ తెరిచి విండోస్ బూట్ మేనేజర్‌ను ఎంచుకుంటే మామూలుగానే వస్తుంది. అయితే లగ్గాల రోజుల్లో పత్రిక ప్రూఫు కోసం మనిషి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడు ఆ సంగతి మీ నాన్నకు ఎవరు చెప్తారు?

రెండో సంగతి వేగం. నీ దగ్గరున్నది తిరిగే డిస్క్. ఇలాంటి చిన్న డిస్క్‌లు సాధారణంగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి, అంటే ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సమాచారం హెడ్ కిందికి రావడానికి సగటున సగం చుట్టు, దానికి తోడు హెడ్ జరిగే సమయం కలిపితే, చెదురుమదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు వందకు మించి చదవడం దానికి కష్టం. ఆపరేటింగ్ సిస్టమ్ తెరుచుకునేటప్పుడు చదివేది సరిగ్గా అలాంటి చిన్న ఫైళ్లనే, అవీ వేలల్లో. యూఎస్‌బీ 3.0 సెకనుకు 5 గిగాబిట్లు మోయగలదని పెట్టె మీద రాసి ఉంటుంది, సినిమా కాపీ చేసేటప్పుడు ఆ తేడా కనిపిస్తుంది కూడా. కానీ ఇక్కడ ఇరుకు దారి కేబుల్ కాదు, డిస్కే.

ఇక మూడోది. ఆ డిస్క్‌కు ఉండే వెడల్పాటి, రెండు భాగాల పిన్నును ఒకసారి పట్టుకుని చూడు. కొంత వాడకం తర్వాత అది వదులవుతుంది. ఫొటోలు కాపీ చేస్తున్నప్పుడు కదిలితే ఆ కాపీ ఆగుతుంది, మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ కిందినుంచి డిస్క్ జారిపోతే మాత్రం తెర మీద ఉన్నది ఉన్నట్టే బిగుసుకుపోతుంది, సేవ్ చేయని పని పోతుంది. అందుకే నా మాట: లోపలి ఎస్‌ఎస్‌డీలో 30 జీబీ విడదీయి. ఉబుంటుకు కనీసం 25 జీబీ చాలు.

మిర్యాలగూడ డీటీపీ:

రిపేర్ అన్న చెప్పిన మొదటి ప్రమాదం నిజమే కావచ్చు, కానీ ఆయన చూపిన మందు రోగం కంటే పెద్దది. నేనూ ఇదే పని చేసుకుని బతికేవాణ్ని కనుక షాపు వైపునుంచి చెప్తున్నాను. 256 జీబీలో 60 జీబీ ఖాళీ అంటే అది ఎక్కువేమీ కాదు. అందులో సగం ఇచ్చేస్తే విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ చోటు లేదని మొరాయిస్తుంది. పైగా విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ అడిగినంత చోటు ఇస్తుందన్న నమ్మకం కూడా లేదు. కదపడానికి వీల్లేని సిస్టమ్ ఫైళ్లు పార్టిషన్ చివర ఉంటే 60 జీబీ ఖాళీ ఉన్నా ఎంతో కొంత మాత్రమే తగ్గించగలనంటుంది. అప్పుడు కుర్రవాళ్లు బయటి సాఫ్ట్‌వేర్‌లు దించి బలవంతంగా పార్టిషన్‌ను జరుపుతారు. మధ్యలో కరెంటు పోయి, బ్యాటరీ కూడా పాతదైతే, పాత గిరాకీల పత్రికల ఫైళ్లన్నీ గాలిలో దీపమే.

పేజ్‌మేకర్ ఫైళ్లు, అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కావు. పోయినదాన్ని ఇంకెక్కడినుంచో తెచ్చి అతికించుకునే వీలు ఉండదు, మళ్లీ టైపు చేసుకోవాల్సిందే. సంపాదించి పెట్టే డిస్క్ మీద ప్రయోగాలు వద్దు.

పాలమూరు ల్యాబ్:

నేను మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. డీటీపీ గారితో ఏకీభవిస్తున్నాను. లోపలి డిస్క్‌ను ముట్టుకోవద్దు. అయితే రిపేర్ గారు చెప్పిన బూట్‌లోడర్ సమస్యను కొట్టిపారేయడానికి వీల్లేదు. దానికి విరుగుడు ఉంది, అది ఇన్‌స్టాల్ చేయడానికి ముందే చేయాలి.

ఇన్‌స్టాలర్‌కు లోపలి ఈఎఫ్‌ఐ పార్టిషన్ కనిపించకుండా చేయడమే ఆ విరుగుడు. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో లోపలి డిస్క్‌ను తాత్కాలికంగా ఆపే వీలుంటుంది, చాలావాటిలో ఉండదు. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో తెరిచి, జీపార్టెడ్ అనే పార్టిషన్ సాఫ్ట్‌వేర్‌లో లోపలి ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కు ఉన్న బూట్, ఈఎస్‌పీ గుర్తులను తీసేసి, పని అయ్యాక మళ్లీ పెట్టేవారూ ఉన్నారు. అది పనిచేస్తుంది కానీ, తిరిగి పెట్టడం మరిచిపోతే విండోస్ తెరుచుకోకపోవచ్చు కనుక ఈ తమ్ముడికి దాన్ని సిఫారసు చేయను. అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి, ఇన్‌స్టాలేషన్‌ను ఆ ల్యాప్‌టాప్ మీద అసలు చేయకపోవడం. కాలేజీ ల్యాబ్‌లో అనుమతి అడిగి, యూఈఎఫ్‌ఐ పద్ధతిలో నడిచే ఒక డెస్క్‌టాప్ మూత తీసి, లోపలి డిస్క్ కేబుల్ పీకేసి, పెన్‌డ్రైవ్‌నూ ఎక్స్‌టర్నల్ డిస్క్‌నూ మాత్రమే తగిలించి ఇన్‌స్టాల్ చేస్తే, బూట్‌లోడర్ వెళ్లడానికి ఇంకో చోటే ఉండదు. ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద దాని సొంత ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఫ్యాట్32లో ఒక 500 ఎంబీ, మిగతాది ఎక్స్‌ట్4 పెట్టుకోవాలి (రెండూ డిస్క్ ఫార్మాట్ల పేర్లు).

ఇంకొక్కటి చూసుకోవాలి. ఉబుంటు అన్న పేరు ఆ డెస్క్‌టాప్ మదర్‌బోర్డ్ జ్ఞాపకంలో నమోదవుతుంది, మీ ల్యాప్‌టాప్‌కు ఆ పేరు తెలియదు. తెలియని డిస్క్‌ను తగిలించినప్పుడు ఫర్మ్‌వేర్ వెతికేది ఒక్కచోటే: ఈఎఫ్‌ఐ ఫోల్డర్‌లోని బూట్ ఫోల్డర్‌లో ఉండే బూట్‌ఎక్స్‌64 అనే ఫైలు. అది అక్కడ ఉందని నిర్ధారించుకుంటే ఆ డిస్క్ ఏ యూఈఎఫ్‌ఐ కంప్యూటర్‌కు తగిలించినా తెరుచుకుంటుంది. ఒకవేళ తర్వాత మీ ల్యాప్‌టాప్ కూడా ఉబుంటు పేరును రాసుకున్నా భయపడనక్కర లేదు. డిస్క్ లేనప్పుడు ఫర్మ్‌వేర్ ఆ పేరును దాటి తర్వాత ఉన్న విండోస్‌ను తెరుస్తుంది. రిపేర్ గారు వర్ణించిన నల్లటి తెర వచ్చేది గ్రబ్ లోపలి డిస్క్‌లో ఉండి, దాని ఫైళ్లు బయట ఉన్నప్పుడే.

ఉబుంటు కావాలనుకున్న రాత్రి బూట్ మెనూ నుంచి ఎంచుకోండి. డెల్, లెనోవో అయితే సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే తెరవనిచ్చే రక్షణ) ఆపేయమని చెప్పే వీడియోలను పట్టించుకోవద్దు. ఉబుంటు బూట్‌లోడర్‌కు మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది, ఆపాల్సిన పని లేదు. వేగం విషయంలో మాత్రం రిపేర్ గారితో వాదించను. షెల్ ప్రోగ్రాములకు, సి ప్రోగ్రాములకు తిరిగే డిస్క్ సరిపోతుంది. బ్రౌజర్ కూడా తెరిస్తే ఓపిక కావాలి.

వనపర్తి టీచర్:

ఇంత దూరం ఎందుకు? విండోస్ 11లోనే డబ్ల్యూఎస్‌ఎల్ ఉంది, విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే సౌకర్యం అది. ఒక్క ఆదేశంతో ఉబుంటు వస్తుంది, రెండో వెర్షన్‌లో నిజమైన లినక్స్ కెర్నెలే (దాని మూల భాగం) నడుస్తుంది, ఉబుంటు కోసం ప్రతిసారీ రీస్టార్ట్ చేయనక్కర లేదు. డిగ్రీ ల్యాబ్‌లోని షెల్ స్క్రిప్టులు, ప్రాసెస్ ప్రోగ్రాములు అన్నీ అందులో చేసుకోవచ్చు. పార్టిషన్లు, బూట్ ప్రక్రియ వంటివి నేర్చుకోవాలంటే తప్ప డ్యూయల్ బూట్ (ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టుకోవడం) అవసరమే రాదు.

నల్లగొండ విద్యార్థి:

టీచర్ గారూ, మా లెక్చరర్ కూడా అదే అన్నారు, పరీక్ష వరకు అది చాలునని నాకూ తెలుసు. అయితే డబ్ల్యూఎస్‌ఎల్ తన ఫైళ్లన్నీ దాచుకునే వర్చువల్ డిస్క్ ఫైలు సి డ్రైవ్‌లోనే పెరుగుతుంది, లోపల ఫైళ్లు తీసేసినా తనంతట తాను తగ్గదు. నాన్నకు చోటు తక్కువ కాకూడదన్న షరతు అక్కడే దెబ్బతింటుంది. పైగా ఇన్‌స్టాల్ చేయడం, పార్టిషన్లు, బూట్ సమస్యలు నేర్చుకోవాలన్నదే నా అసలు కోరిక.

మీ సమాధానాలు చదివాక సెట్టింగ్స్‌లో చూశాను. డివైస్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌లోని సమాచారానికి వేసే తాళం, ఆన్‌లో ఉంది. దీనివల్ల ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు ఏమైనా ఇబ్బందా?

పాలమూరు ల్యాబ్:

ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు ఇబ్బంది లేదు, విండోస్‌కు రావచ్చు. బూట్ వరుస మార్చినా, సెక్యూర్ బూట్‌ను తాకినా, గ్రబ్ మెనూలో నుంచి విండోస్‌ను తెరిచినా, ఎవరో తాళం మార్చారని అనుమానించి విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది సాధారణంగా ల్యాప్‌టాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఇచ్చిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో భద్రంగా ఉంటుంది. చాలా ఇళ్లలో చిక్కేమిటంటే, ఆ అకౌంట్‌ను అమ్మిన షాపు కుర్రాడు తయారుచేసి ఉంటాడు, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. కాబట్టి మొట్టమొదట మీ నాన్న అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీని చూసి, కాగితం మీద రాసి షాపు డ్రాయర్‌లో పెట్టండి. అది చేతికి వచ్చేదాకా పెన్‌డ్రైవ్ కూడా తయారుచేయవద్దు. విండోస్‌ను ఎప్పుడూ నేరుగా తెరవండి, గ్రబ్ ద్వారా కాదు.

గడియారం గురించి కూడా చెప్పాలి. విండోస్ మదర్‌బోర్డ్ గడియారాన్ని స్థానిక సమయంగా చదువుతుంది, ఉబుంటు దాన్ని అంతర్జాతీయ ప్రామాణిక సమయంగా రాస్తుంది. రాత్రి మీరు ఉబుంటు వాడితే పొద్దున షాపులో గడియారం 5 గంటల 30 నిమిషాలు వెనక చూపించవచ్చు, ఫైళ్ల తేదీలు తారుమారవుతాయి. ఉబుంటును స్థానిక సమయం వాడమని ఒకసారి మార్చుకుంటే సరి.

సూర్యాపేట రిపేర్:

ల్యాబ్ గారూ, కేబుల్ పీకి ఇన్‌స్టాల్ చేయమన్న మాట బాగుంది, ఒప్పుకుంటాను. కానీ డిస్క్‌లు వేరైతే రెండూ ఒకదానికొకటి పూర్తిగా పరాయివన్న అభిప్రాయం చదివేవాళ్లలో మిగలకూడదు. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. పాత, బలహీనమైన లినక్స్ బూట్‌లోడర్లను నిషేధించే జాబితాను అది మదర్‌బోర్డ్ జ్ఞాపకంలో రాసింది. డ్యూయల్ బూట్ కంప్యూటర్లకు వర్తించదని మైక్రోసాఫ్ట్ చెప్పినా, కొన్నిటికి వర్తించింది. అప్పటిదాకా నడిచిన లినక్స్ ‘సెక్యూరిటీ పాలసీ వయొలేషన్’ అని చూపి ఆగిపోయింది. జాబితా ఉన్నది డిస్క్‌లో కాదు కనుక పెన్‌డ్రైవ్‌లో ఉన్నా, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉన్నా పాత బూట్‌లోడర్ గతి అదే. డిస్క్ వేరు చేసినంత మాత్రాన మదర్‌బోర్డ్ వేరు కాదు.

పాలమూరు ల్యాబ్:

నిజమే, కాదనను. అయితే ఆ సంఘటనలో ఆగిపోయింది ఏది? లినక్స్. విండోస్ యథాతథంగా నడిచింది. ఈ తమ్ముడి షరతు నాన్న పని ఆగకూడదని, తన పని ఆగకూడదని కాదు. లోపలి డిస్క్‌ను విడదీస్తే ఏ పొరపాటైనా రెండింటినీ ముంచవచ్చు. బయట పెడితే దెబ్బ తగిలేది ఎక్కువగా ఉబుంటుకే, దాన్ని ఒక రాత్రి కూర్చుని మళ్లీ వేసుకోవచ్చు. అలాంటి అప్‌డేట్ మళ్లీ వస్తే కొత్త ఉబుంటుతో పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని బూట్‌లోడర్‌ను నవీకరించుకుంటే సరిపోతుంది.

సూర్యాపేట రిపేర్:

సరే, ఆ కోణంలో మీదే పైచేయి. కానీ తిరిగే డిస్క్ విషయంలో నా మాట మారదు. ఫొటోలున్న డిస్క్‌ను మళ్లీ పార్టిషన్ చేయడం ఒక తప్పు, దాని మీద ఆపరేటింగ్ సిస్టమ్ నడపడం ఇంకో తప్పు. చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి, దానికి యూఎస్‌బీ కేసు ఒకటి కొనుక్కోమను.

నల్లగొండ విద్యార్థి:

అందరికీ కృతజ్ఞతలు. ఫొటోల డిస్క్‌ను అలాగే ఉంచి, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, కేసు కొనాలని నిర్ణయించుకున్నాను. కీ దొరికింది, అకౌంట్ నాన్న పేరు మీదే ఉంది. ల్యాబ్‌లో ఒక డెస్క్‌టాప్ మూత తీయడానికి లెక్చరర్ అనుమతి ఇచ్చారు, ఆయన పక్కన ఉంటేనే తీయాలన్న షరతు మీద. విండోస్ ఫైళ్లను ఉబుంటులోనుంచి చూడాల్సిన అవసరం నాకు లేదు కనుక లోపలి డిస్క్‌ను అక్కడ తెరవకుండానే వదిలేస్తాను.

మిర్యాలగూడ డీటీపీ:

ఆ చివరి మాట మంచిది. అయినా ఆ డిస్క్‌ను ల్యాప్‌టాప్‌కు మొదటిసారి తగిలించే రోజుకు ముందే షాపు ఫోల్డర్ మొత్తం, అను ఫాంట్లతో సహా, ఆ ఫొటోల డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టు తమ్ముడూ. ఒకట్రెండు పత్రికలు అందులోనుంచి తెరిచి, అక్షరాలు సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో చూసుకున్నాకే మిగతా పని.

సూర్యాపేట రిపేర్:

కేసు కొనేటప్పుడు కేబుల్ పొట్టిదే తీసుకో, హబ్‌లో కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టు. పాత మోడళ్లలో ఒక పోర్ట్ యూఎస్‌బీ 2.0 అయి ఉండవచ్చు, అది సెకనుకు 480 మెగాబిట్లకు మించదు. సాధారణంగా లోపల నీలం రంగున్నదే 3.0. ల్యాప్‌టాప్ మూత మూసి నిద్రపుచ్చినప్పుడు డిస్క్ తీయకు, ఉబుంటును పూర్తిగా షట్‌డౌన్ చేశాకే తీయి.