బ్యాలెట్ మొత్తం ఒకే పార్టీకి వేయడం సరైనదేనా? అమెరికా తెలుగు ఓటర్ల చర్చ

హ్యూస్టన్ ఓటరు:

నవంబరు ఎన్నికల్లో బ్యాలెట్ మొత్తాన్ని ఒకే పార్టీకి వేసిన ఓటరు తన బాధ్యతను పూర్తిగా నిర్వర్తించినట్లేనా? మిత్రుల అభిప్రాయం కోరుతూ, ముందుగా నా అభిప్రాయం చెబుతాను. చట్టసభల వరకు అది సమంజసమే కావచ్చు, కానీ న్యాయమూర్తుల విషయంలో కాదు.

మా హ్యారిస్ కౌంటీ బ్యాలెట్ దేశంలోని అతి పొడవైన వాటిలో ఒకటి. పైన అధ్యక్షుడు, సెనేటర్, ప్రతినిధుల సభ సభ్యుడు ఉంటారు. ఆ తరువాత చమురు, సహజవాయువు బావులను పర్యవేక్షించే రైల్‌రోడ్ కమిషన్, రాష్ట్ర సుప్రీంకోర్టు, అప్పీళ్ల కోర్టులు, జిల్లా కోర్టులు, కుటుంబ న్యాయస్థానాలు, షెరీఫ్, కానిస్టేబుల్ వరకు జాబితా సాగుతూనే ఉంటుంది. టెక్సాస్‌లో న్యాయమూర్తులు కూడా పార్టీ అభ్యర్థులుగానే పోటీ చేస్తారు. 2018లో మేము ఓటు వేసిన యంత్రానికి ఒక చక్రం, దాని పక్కన నొక్కవలసిన మీట ఉండేవి. మొదట్లోనే పార్టీ పేరు ఎంచుకుని మీట నొక్కితే ఆ పార్టీ అభ్యర్థులందరికీ ఓటు పడిపోయేది. ఆ సంవత్సరం డెమొక్రాట్లు కౌంటీలోని న్యాయమూర్తి పదవులను ఊడ్చుకుపోయారు. నల్లజాతి మహిళలు 17 మంది న్యాయమూర్తులుగా గెలవడం నిజంగా చారిత్రకమే. అయితే ఓడిపోయిన రిపబ్లికన్ న్యాయమూర్తుల్లో ఎవరు సమర్థులో, ఎవరు కారో ఓటర్లలో ఎక్కువ మంది చూడలేదన్నది కూడా అంతే నిజం. టెక్సాస్‌లోనే మరికొన్ని కౌంటీల్లో ఇదే నష్టం డెమొక్రాట్ న్యాయమూర్తులకు జరిగింది. 2019లో శాసనసభ ముందు ప్రసంగించిన నాటి రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి నేథన్ హెక్ట్, తాను రిపబ్లికన్ టికెట్‌పై గెలిచినవారే అయినా, న్యాయమూర్తులను పార్టీ పేరుతో ఎన్నుకునే పద్ధతిని మార్చాలని కోరారు.

2017లో చేసిన చట్టం 2020 నుంచి అమలులోకి రావడంతో ఆ ఒక్క మీట సౌకర్యం పోయింది. అలవాటు మాత్రం పోలేదు. జాబితాలో ఒక్కొక్క పేరు దగ్గర ఆగి, పార్టీ పేరు మాత్రమే చూసి ముందుకు సాగేవారు నాకు తెలిసినవారిలోనే చాలామంది ఉన్నారు. విడాకులు తీసుకున్న దంపతుల బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో తేల్చే న్యాయమూర్తిని ఎంచుకునే తీరు ఇదేనా?

ఎడిసన్ నివాసి:

హ్యూస్టన్ మిత్రులు మర్యాదగా అడిగారు కనుక సూటిగా సమాధానం ఇస్తాను. నేను బ్యాలెట్ మొత్తం ఒకే పార్టీకి వేస్తాను. అది బద్ధకంతో చేసే పని కాదు, తెలిసి చేసే పని.

అమెరికాలో సెనేటర్‌కు వేసే ఓటు మొదట ఆ సభలో ఎవరికి మెజారిటీ ఉండాలో తేల్చే ఓటు, ఆ తరువాతే ఆ వ్యక్తికి వేసే ఓటు. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆంటొనిన్ స్కాలియా మరణించారు. మార్చిలో అధ్యక్షుడు ఒబామా ఆ స్థానానికి మెరిక్ గార్లండ్ పేరు ప్రతిపాదించారు. ఆ నియామకాన్ని ఆమోదించవలసిన సెనేట్‌లో రిపబ్లికన్ మెజారిటీ నాయకుడు మిచ్ మెక్‌కానెల్ కనీసం విచారణ సమావేశమైనా జరగనివ్వలేదు. ఇల్లినాయ్‌కు చెందిన రిపబ్లికన్ సెనేటర్ మార్క్ కిర్క్ గార్లండ్‌ను స్వయంగా కలిశారు, ఓటింగ్ జరపాలని బహిరంగంగా కోరారు. ఏం ఒరిగింది? కిర్క్ మంచివారని నమ్మి, పార్టీని పక్కన పెట్టి ఆయనకు ఓటు వేసిన ఇల్లినాయ్ డెమొక్రాట్ల ఓట్లు చివరికి మెక్‌కానెల్‌ను ఆ కుర్చీలో నిలబెట్టడానికే ఉపయోగపడ్డాయి. 2020 అక్టోబరులో సుప్రీంకోర్టుకు ఎమీ కోనీ బారెట్ నియామకానికి వ్యతిరేకంగా ఓటు వేసిన ఏకైక రిపబ్లికన్, మెయిన్ రాష్ట్రానికి చెందిన సెనేటర్ సూసన్ కాలిన్స్. అయినా నియామకం 52-48తో ఆమోదం పొందింది. సభలో ఏ అంశం ఎప్పుడు ఓటింగ్‌కు రావాలో నిర్ణయించేది మెజారిటీ కాబట్టి, దానికి భిన్నంగా పడిన ఒక్క ఓటు రికార్డులో మిగులుతుందే తప్ప ఫలితాన్ని మార్చదు.

2023 జనవరిలో ప్రతినిధుల సభ స్పీకర్ ఎన్నిక 15 విడతల ఓటింగ్ దాకా సాగింది. రిపబ్లికన్లు తమలో తాము ఎంత కొట్టుకున్నా, అన్ని విడతల్లోనూ ఒక్క రిపబ్లికన్ కూడా డెమొక్రాట్ నాయకుడు హకీమ్ జెఫ్రీస్‌కు ఓటు వేయలేదు. సభ్యులే ఇంత కచ్చితంగా పార్టీ వెంట నిలబడుతుంటే, ఓటరు మాత్రం పార్టీని మరచి మనిషిని చూడాలని చెప్పడం ఓటరును అమాయకుడిగా ఉండమని చెప్పడమే. ఓటర్లకు ఈ సంగతి అర్థమైంది. 2016లో సెనేట్ ఎన్నిక జరిగిన ప్రతి రాష్ట్రంలోనూ అధ్యక్ష పదవికి గెలిచిన పార్టీయే సెనేట్ స్థానాన్నీ గెలుచుకుంది. సెనేటర్లను ప్రజలు నేరుగా ఎన్నుకోవడం మొదలైన తరువాత అలా జరగడం అదే మొదటిసారి. 2020లో దానికి భిన్నంగా నడిచిన రాష్ట్రం మెయిన్ ఒక్కటే.

అట్లాంటా శివారు ఓటరు:

ఎడిసన్ వారి వాదన 2020 దగ్గర ఆగిపోయింది. 2022లో మా జార్జియాలో ఏమి జరిగిందో గుర్తు చేస్తాను. ఒకే రోజు, ఒకే బ్యాలెట్‌పై రిపబ్లికన్ గవర్నర్ బ్రయన్ కెంప్‌కు 21 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. అదే పార్టీ సెనేట్ అభ్యర్థి హర్షల్ వాకర్‌కు అంతకంటే సుమారు 2 లక్షలు తక్కువ వచ్చాయి. కెంప్ సునాయాసంగా గెలిచారు, వాకర్ ఎవరికీ సగానికి పైగా ఓట్లు రాకపోవడంతో డిసెంబరులో జరిగిన రెండో విడత పోటీ (రన్‌ఆఫ్)లో డెమొక్రాట్ రాఫెల్ వార్నాక్ చేతిలో ఓడిపోయారు. ఆ 2 లక్షల ఓట్లే సెనేట్ స్థానాన్ని నిర్ణయించాయి. 2024లో అరిజోనా, నెవాడా, మిషిగన్, విస్కాన్సిన్ రాష్ట్రాలు నాలుగూ ట్రంప్‌ను గెలిపిస్తూనే సెనేట్‌కు డెమొక్రాట్లను పంపాయి. అదే సంవత్సరం నార్త్ కరోలినా ట్రంప్‌కు, డెమొక్రాట్ గవర్నర్ జాష్ స్టయిన్‌కు కలిపి పట్టం కట్టింది.

అసలు విషయం ఎన్నికలను నడిపించే పదవుల దగ్గర ఉంది. 2020 అధ్యక్ష ఎన్నికలో జార్జియాలో ఓడిన ట్రంప్ 2021 జనవరిలో ఫోన్ చేసి, 11,780 ఓట్లు వెతికి పెట్టమని మా రాష్ట్రంలో ఎన్నికలను పర్యవేక్షించే సెక్రటరీ ఆఫ్ స్టేట్ బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్‌ను అడిగినప్పుడు ఆయన ఒప్పుకోలేదు. ఆయన రిపబ్లికనే, ట్రంప్‌కు ఓటు వేశానని చెప్పుకున్నవారే. ఆ స్థానంలో పార్టీ మాటే వేదంగా భావించే మరొక రిపబ్లికన్ ఉండి ఉంటే? పార్టీ పేరు ఈ ఇద్దరికీ ఒకటే, తేడా మనిషిలో ఉంది. 2022 మే నెలలో రాఫెన్స్‌పర్గర్‌ను ఓడించడానికి ట్రంప్ మద్దతుతో మరొకరు రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే తొలి ఎన్నికలో, నిలబడ్డారు. జార్జియాలో ఓటరు పార్టీ నమోదు ఉండదు. ఏ ప్రైమరీ బ్యాలెట్ కావాలో అడిగి తీసుకోవచ్చు. సాధారణంగా డెమొక్రాట్లకు వేసేవారు కొందరు ఆ రోజు రిపబ్లికన్ బ్యాలెట్ అడిగి తీసుకున్నారు. వారు తమ పార్టీకి ద్రోహం చేశారని నేను అనుకోను.

ఇంకొక మాట. మనలో చాలామందికి పార్టీ విధేయత అనగానే ఇండియా గుర్తుకు వస్తుంది. అక్కడ 1985 నాటి 52వ రాజ్యాంగ సవరణ తరువాత విప్‌ను ధిక్కరించి ఓటు వేసిన ఎంపీ లేదా ఎమ్మెల్యే సభ్యత్వమే పోవచ్చు, కాబట్టి పార్టీని చూసి ఓటు వేయడంలో అర్థం ఉంది. అమెరికాలో అటువంటి చట్టం లేదు. 2017 జులైలో ఆరోగ్య బీమా చట్టం రద్దు బిల్లుపై జాన్ మెకెయిన్, కాలిన్స్, లీసా మర్కౌస్కీ తమ పార్టీకి ఎదురు తిరిగినందువల్లనే ఆ బిల్లు 49-51తో వీగిపోయింది. వారిలో ఎవరి సభ్యత్వమూ పోలేదు. పోనీ, అంత విధేయత నేర్పిన మన నేల మీద ఓటరు ఎప్పుడూ ఒకే పార్టీకి కట్టుబడి ఉన్నాడా? 2018 డిసెంబరులో టీఆర్‌ఎస్‌కు 119 అసెంబ్లీ స్థానాల్లో 88 ఇచ్చిన తెలంగాణ, కొద్ది నెలలకే లోక్‌సభ ఎన్నికల్లో 17లో 9 మాత్రమే ఇచ్చింది.

డెట్రాయిట్ పరిసరాల ఓటరు:

ముగ్గురూ ఓటరుకు కావలసినంత తీరిక ఉందని అనుకుని రాస్తున్నారు. మా మిషిగన్‌లో ఈ తగాదా కోర్టుల దాకా వెళ్లింది. ఒకే గుర్తుతో పార్టీ మొత్తానికి ఓటు వేసే సౌకర్యాన్ని 2016 జనవరిలో చట్టం ద్వారా తొలగించినప్పుడు, పొడవైన బ్యాలెట్, తక్కువ యంత్రాలు ఉన్న డెట్రాయిట్ వంటి చోట్ల వరుసలు పెరిగిపోతాయని, ఆ భారం ఎక్కువగా నల్లజాతి ఓటర్లపై పడుతుందని దావా వేశారు. ఆ సంవత్సరం ఎన్నికకు ఫెడరల్ కోర్టు ఆ చట్టాన్ని ఆపింది. 2018లో ప్రజలే ఓటు వేసి ఆ సౌకర్యాన్ని రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చుకున్నారు. గంటల తరబడి నిలబడి, పనిలో జీతం కోత పడే మనిషికి ఆ ఒక్క గడి అవసరమే. దానిని బాధ్యతారాహిత్యం అనడానికి నాకు మనసు రాదు.

పైగా మా దగ్గర పార్టీ గడిని నింపిన తరువాత కూడా ఏదైనా పదవికి అవతలి పార్టీ అభ్యర్థిని గుర్తించవచ్చు, ఆ పదవికి ఆ గుర్తే చెల్లుతుంది. అయితే ఒక చిక్కు ఉంది, కొత్తగా పౌరసత్వం వచ్చినవారు దీనిని తప్పక తెలుసుకోవాలి. మిషిగన్ సుప్రీంకోర్టు అభ్యర్థులను పార్టీలే తమ మహాసభల్లో నిలబెడతాయి కానీ, బ్యాలెట్‌పై వారి పేర్ల పక్కన పార్టీ పేరు ఉండదు. పార్టీ గడి నింపి వచ్చేసిన ఓటరు ఆ విభాగాన్ని, దానితోపాటు స్కూలు బోర్డును, ప్రజాభిప్రాయ ప్రతిపాదనలను ఖాళీగా వదిలేసినట్లే. వెనుక వైపు కూడా తిప్పి చూడమని నేను మా గుడిలో ప్రతి ఎన్నికకూ అందరికీ చెబుతూనే ఉంటాను.

ఎడిసన్ నివాసి:

అట్లాంటా వారు రాఫెన్స్‌పర్గర్ గురించి చెప్పినది బలమైన మాట, దానిని కాదనలేను. కానీ ఆయన చెప్పిన ఉదాహరణ ప్రైమరీలోది. మనిషిని చూడవలసిన చోటు అదేనని నేనూ అంటాను. మా న్యూజెర్సీలో కౌంటీ పార్టీ నాయకులు బలపరచిన వారందరినీ ప్రైమరీ బ్యాలెట్‌పై ఒకే వరుసలో పెట్టి, మిగిలినవారిని ఎక్కడో మూలకు నెట్టే పద్ధతి దశాబ్దాలుగా నడిచింది. 2024లో సెనేట్‌కు పోటీ పడిన యాండీ కిమ్ దానిపై దావా వేశారు. డెమొక్రాటిక్ ప్రైమరీలో ఆ పద్ధతి చెల్లదని ఫెడరల్ న్యాయమూర్తి ఆ మార్చిలో ఉత్తర్వు ఇచ్చారు. పార్టీలో ఎవరు నిలబడాలో నాయకుల బదులు సభ్యులు తేల్చుకోగలిగితేనే, నవంబరులో ఆ పార్టీకి మొత్తంగా ఓటు వేయడానికి అర్థం ఉంటుంది. ప్రైమరీకి రాకుండా, నవంబరులో మాత్రం అభ్యర్థి బాగాలేడని అవతలి పార్టీకి వేసేవారితోనే నా పేచీ.

న్యాయమూర్తుల సంగతికి వస్తే, మా దగ్గర వారిని గవర్నరు నియమిస్తారు, రాష్ట్ర సెనేట్ ఆమోదిస్తుంది. కాబట్టి హ్యూస్టన్ వారి సమస్య నా బ్యాలెట్‌పై లేదు. తప్పు ఓటరుది కాదు, న్యాయమూర్తి పదవిని పార్టీ టికెట్‌పై పోటీకి పెట్టిన టెక్సాస్ పద్ధతిది. దానిని మార్చమని అడగండి, ఓటరును మారమని కాదు.

హ్యూస్టన్ ఓటరు:

పద్ధతి మారాలని నేనూ కోరుతున్నాను. అయితే టెక్సాస్ రాజ్యాంగాన్ని సవరించాలంటే శాసనసభలోని రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మద్దతు, ఆపైన ప్రజల ఆమోదం కావాలి. ఏ సంవత్సరం ఏ పార్టీ లాభపడుతోందో ఆ పార్టీ దీనికి అడ్డుపడుతూ వచ్చింది. సెనేట్ విషయంలో ఎడిసన్ వారి గార్లండ్ ఉదాహరణకు నా దగ్గర జవాబు లేదు. అక్కడ నేనూ పార్టీని చూసే వేస్తాను.

డెట్రాయిట్ వారి అభ్యంతరం గురించి మాత్రం ఒక మాట. పోలింగ్ గదిలో నిలబడి ఆలోచించనక్కరలేదు. నమూనా బ్యాలెట్ ముందే దొరుకుతుంది. న్యాయమూర్తుల పనితీరుపై హ్యూస్టన్ న్యాయవాదుల సంఘం తన సభ్యుల అభిప్రాయాలు సేకరించి ప్రచురిస్తుంది. టెక్సాస్‌లో ఓటు వేసే చోటికి ఫోను తీసుకువెళ్లి వాడకూడదు కానీ, రాసుకున్న కాగితం తీసుకువెళ్లవచ్చు. ఇంటి దగ్గర ఒక సాయంత్రం కూర్చుని ఆ కాగితం సిద్ధం చేసుకుంటే, లోపల పార్టీ పేరు చూసి వేసినంత త్వరగానే పని పూర్తవుతుంది. రెండు పేర్లలో ఎవరి గురించీ ఏమీ తెలియని చోట నేను ఆ గడిని ఖాళీగా వదులుతాను. అక్కడ తెలిసినవారి ఓటును నా తెలియని ఓటుతో కొట్టివేయకూడదని నా అభిప్రాయం. 2024లో హ్యారిస్ కౌంటీ అధ్యక్ష పదవికి డెమొక్రాట్‌కు ఆధిక్యం ఇచ్చింది, న్యాయమూర్తులుగా మాత్రం రెండు పార్టీల వారూ గెలిచారు. వారిలో ఇద్దరు ముగ్గురి గురించి నా కాగితంపై రాసుకున్నది పార్టీకి విరుద్ధంగానే ఉంది, అలాగే వేశాను. ఎడిసన్ వారు దానిని విధేయత తప్పడం అంటారో లేదో ఆయనే చెప్పాలి.