నందివర్ధనం మీది ఆకుపచ్చ చిమ్మటకు ఆ రంగు ఎందుకు?

ప్రశ్న (రాజమహేంద్రవరం నుండి)

సభ్యులకు నమస్కారం. వర్షాలు మొదలైనప్పటి నుండి మా పెరటి నందివర్ధనం ఆకులు రాత్రికి రాత్రే మాయమవుతుంటే వెతికి చూశాను. తల వెనుక రెండు నీలి కళ్ల వంటి మచ్చలు, తోక దగ్గర చిన్న కొమ్ము ఉన్న వేలెడంత గొంగళి పురుగు దొరికింది. డబ్బాలో ఉంచి పెంచగా అది కొన్నాళ్లకు ఆకుపచ్చ రంగు వదిలి గోధుమ రంగుకు మారి, ఎండుటాకుల నడుమ ప్యూపా అయింది. అందులోంచి ఆకుపచ్చ, గులాబీ, తెలుపు చారలు కలగలిసిన చిమ్మట వచ్చింది. రాత్రిపూట తిరిగే ప్రాణికి ఇన్ని రంగులు ఎవరు చూడాలని? దాక్కోవడానికే అంటారా, అదే రకానిది మరొకటి వరండా లైటు పక్కన సున్నం గోడ మీద తెల్లవారే దాకా కొట్టొచ్చినట్టు కనిపిస్తూ కూర్చుంది. తిప్పతీగ పందిరి మీద ఎండుటాకు అనుకొని ముట్టుకున్నది మాత్రం ఒక్కసారిగా నారింజ రంగు రెక్కలు విప్పి నన్ను అదరగొట్టింది. ఈ రెండింటినీ కలిపి ఎలా అర్థం చేసుకోవాలి?

జవాబు 1

మీరు పెంచిన చిమ్మట శాస్త్రీయ నామం డాఫ్నిస్ నెరీ అండీ. 1758లో జీవశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరులోని ‘నెరీ’ గన్నేరును సూచిస్తుంది. గన్నేరు, నందివర్ధనం రెండూ దీని గొంగళికి ఆహారమే. చిమ్మటకు ప్రమాదం ఎక్కువగా పగటిపూటే, అంటే అది కదలకుండా కూర్చునే వేళలో, పిట్టలూ తొండలూ తిరిగేటప్పుడు వస్తుంది కనుక, ఆ రంగును పగటి వేషంగానే చూడాలి. గన్నేరు గుబురులో వాలితే ఆ చారలు ఆకుల నీడల్లో కలిసిపోతాయి. సున్నం గోడను అది ఎంచుకోలేదు, మీ లైటు దాన్ని అక్కడికి రప్పించింది. గొంగళి గోధుమ రంగుకు మారడమూ ఈ లెక్కలోదే: ప్యూపా అయ్యేందుకు చెట్టు దిగి నేల మీద నడవాలి, నేల మీద పచ్చరంగు పట్టిస్తుంది.

జవాబు 2 (నల్గొండ జిల్లా)

తిప్పతీగ మీది దానితో మా బత్తాయి రైతులకు పాత పరిచయం, అంత మంచి పరిచయం కాదు. రసం పీల్చే రెక్కల పురుగు అంటాము. దీని గొంగళి తిప్పతీగ, దూసరితీగ వంటివి తింటుంది. పెరిగాక రాత్రిళ్లు తోటలో పడి గట్టి తొండంతో కాయ తొక్కను పొడిచి రసం పీలుస్తుంది. ఆ రంధ్రం గుండా కుళ్లు చేరి కాయ రాలిపోతుంది. అందుకే తోట చుట్టూ ఆ తీగలు పీకేస్తాము, సాయంత్రం పొగ పెడతాము. ముందు రెక్కలు మూసి ఉన్నంతసేపు ఎండుటాకే. ముట్టుకుంటే వెనుక రెక్కలు చూపించి, మీరు ఉలిక్కిపడిన ఆ క్షణంలో ఎగిరిపోతుంది.

జవాబు 3

ఒక సవరణ. ప్రతి రంగునూ దాగుడుమూతలకే అంటగట్టకూడదు. జనుము చేలలో పగలే ఎగిరే, తెల్లని రెక్కల మీద ఎరుపు, నలుపు చుక్కలున్న చిన్న చిమ్మట దాక్కోదు. జనుములోని విషపదార్థాలను గొంగళి దశలోనే ఒంట పట్టించుకుంటుంది కనుక తన చేదును చుక్కలతో చాటుకుంటుంది. ఇంకొకటి, చిమ్మట కూర్చున్న గోడను బట్టి రంగు మారదు. పాఠ్యపుస్తకాల్లోని ఇంగ్లండు మిరియాల చిమ్మటను చాలామంది అలా పొరబడతారు. మామూలుగా అది నల్ల చుక్కల తెల్ల చిమ్మట. 1848లో మాంచెస్టర్‌లో నల్లది నమోదైంది. 1895 నాటికి అక్కడ 98 శాతం నల్లవే. ఫ్యాక్టరీల పొగకు మసి పట్టిన చెట్ల మీద తెల్లవి పిట్టలకు దొరికిపోతూ ఉంటే తరతరానికి నల్లవాటి వాటా పెరిగింది, అంతే.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. గోడ మీది దాన్ని కాగితం మీదికి ఎక్కించి ఇందాక గన్నేరు కొమ్మకు చేర్చాను. పూల దగ్గర పెట్టడం నా పొరపాటు. రెక్కలు వణికించి, తానే రెండు కొమ్మలు లోపలికి వెళ్లి వాలింది. వరండా లైటు ఇక తొమ్మిదికే ఆర్పేస్తాను.