ట్యాబ్ వచ్చాక రిజిస్టర్ ఉండాలా? ఏఎన్‌ఎంల రెండు రాతలపై చర్చ

ఏఎన్‌ఎం గారి అబ్బాయి:
సూటిగా అడుగుతున్నాను. ఆరోగ్య యాప్ వచ్చిన రోజే కాగితపు రిజిస్టర్ ఆపేయాలా, వద్దా? ఆపేయాలన్నది నా వాదన. 2016లో అన్మోల్ అనే యాప్‌తో, ఊళ్లలో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలైన ఏఎన్‌ఎంలకు ట్యాబ్‌లు ఇవ్వడం ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. గర్భిణి నమోదు, పరీక్షలు, కాన్పు, బిడ్డ టీకాలు అన్నీ గుమ్మం దగ్గరే ఎక్కిస్తే రాత తగ్గాలి కదా? చాలాచోట్ల పగలు రిజిస్టర్‌లో రాసినదే రాత్రి వంట అయ్యాక మళ్లీ ట్యాబ్‌లోకి ఎక్కుతున్నది. పైగా బీపీ, షుగరు పరీక్షలకు ఒక యాప్, టీకాలకు యూవిన్. రిజిస్టర్ ఉన్నంతకాలం యాప్‌ను ఎవరూ బాగుచేయరు. అది మొరాయించినా పైవాళ్ల పని ఆగదు మరి.

పీహెచ్‌సీ డాక్టర్:
బాధ నిజం, మందు తప్పు. ఏజెన్సీ మండలంలో పనిచేసినవాడిగా చెబుతున్నాను. సిగ్నల్ లేకపోయినా అన్మోల్‌లో నమోదు చేయవచ్చు, కానీ నెట్ అంది సర్వర్‌కు చేరేదాకా (సింక్ అయ్యేదాకా) ఆ వివరం ఆ ఒక్క ట్యాబ్‌లోనే ఉంటుంది. ట్యాబ్ పాడైతే? అర్ధరాత్రి నొప్పులతో వచ్చిన తల్లికి రక్తం ఎంత ఉంది, మొదటి కాన్పు ఆపరేషనా కాదా అన్నది నాకు ఆమె తెచ్చిన ఎంసీపీ కార్డే, అంటే తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే కాగితపు కార్డే చెప్పేది. కొంతకాలం రెండూ నడవాలి.

ఏఎన్‌ఎం గారి అబ్బాయి:
డాక్టర్ గారూ, తల్లి చేతిలోని కార్డు జోలికి నేను పోలేదు. అది ఉండి తీరాలి. నేనడిగేది సబ్‌సెంటర్ బీరువాలోని రిజిస్టర్ల సంగతి. కొంతకాలం అంటే ఎంతకాలం? గడువు పెట్టనందుకే ఇన్నేళ్లయినా రెండు రాతలూ సాగుతున్నాయి.

సబ్‌సెంటర్ ఉద్యోగిని:
ఆ రెండు చోట్లా రాసేది నేనే కాబట్టి నా మాట కూడా వినండి. నాకు కాగితం మీద ప్రేమ లేదు, ట్యాబ్ మీద కోపం లేదు. బుధవారం, శనివారం టీకాలకు ఎవరెవరు రావాలో డ్యూ లిస్ట్ సరిగ్గా చూపిస్తే యాప్ నాకు అక్కరకొచ్చినట్టే. కానీ సమీక్షలో అడిగేది ‘ఎంత శాతం ఎక్కించారు’ అని. ఆ హైరిస్క్ గర్భిణి ఎలా ఉందని అడిగేవారు తక్కువ. 2021లో మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వమిచ్చిన ఫోన్లు తిరిగిచ్చేశారు. ఫోన్లు నాసిరకం, వాళ్లు వివరాలు ఎక్కించాల్సిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో మరాఠీ లేదు. అదే ఏడాది హరియాణా ఆశాలు తమ కదలికలపై నిఘా పెడుతున్నారంటూ ఒక యాప్‌ను వద్దన్నారు. వాళ్లకు సాంకేతికత రాదని తేల్చేయడం అన్యాయం. తమ పని తమకు తెలుసు కాబట్టే వద్దన్నారు.

ప్రజారోగ్య విద్యార్థి:
యాప్‌ల మీద యాప్‌లు పడటం మన దగ్గరే కాదు. ఉగాండాలో దాతలు, సంస్థలు తలా ఒక మొబైల్ ఆరోగ్య ప్రయోగం మొదలుపెట్టారు, ఒకదాని సమాచారం మరొకదానికి అందేది కాదు. చివరికి 2012లో ఆ దేశ ఆరోగ్య మంత్రిత్వ శాఖే అలాంటి ప్రయోగాలను ఆపించింది. దక్షిణాఫ్రికా మరో దారి పట్టింది. 2014లో గర్భిణులకు ఫోనులో ఆరోగ్య సందేశాలు పంపే మామ్‌కనెక్ట్‌ను జాతీయ ఆరోగ్య శాఖే తెచ్చింది, ఇంటర్నెట్ లేని మామూలు ఫోనులో కూడా యూఎస్‌ఎస్‌డీ నంబరు నొక్కి నమోదయ్యే వీలుతో. నా సూచన ఒకటే. కొత్త యాప్ తెచ్చే శాఖ, దానికి బదులు ఏ రిజిస్టర్‌ను ఏ తేదీన మూస్తుందో ఆ ఉత్తర్వులోనే రాయాలి. రాయలేకపోతే యాప్ తేకూడదు.

పీహెచ్‌సీ డాక్టర్:
ఈ షరతు నాకు సమ్మతమే. ఒక చేర్పు: రిజిస్టర్ మూసినా, నెలకోసారి గర్భిణుల జాబితా కాగితం మీద ముద్రించి సబ్‌సెంటర్‌లో ఉంచాలి.

సబ్‌సెంటర్ ఉద్యోగిని:
మా దగ్గర ప్రింటర్ లేదు సార్. పీహెచ్‌సీలో ముద్రించి పంపే బాధ్యత ఎవరిదో కూడా ఆ ఉత్తర్వులో ఉండాలి. లేకపోతే ఆ జాబితాను చేత్తో రాయమని మళ్లీ మాకే చెబుతారు.